కోరంగి: ఓడలు పోయి మడ మొలిచిన ఊరు

కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డులో, తాళ్లరేవు పక్కనే మా కోరంగి. సెలవురోజుల్లో కార్లన్నీ అభయారణ్యం గేటు దగ్గరే ఆగిపోతాయి. వచ్చినవాళ్లు మడచెట్ల నీడలో చెక్కవంతెన మీద నడిచి, బోటెక్కి, ఫొటోలు దిగి, చీకటి పడేలోగా వెళ్లిపోతారు. ఊళ్లోకి వచ్చేవాళ్లు తక్కువ. చూపించడానికి ఇక్కడ కోటా బురుజూ లేవు మరి. రేవులో పడవలు, ఆరేసిన వలలు, చేపల తట్టలు, అరుగుల మీద ముసలివాళ్లు, అంతే. కానీ బంగాళాఖాతంలో తిరిగిన సరంగులందరికీ ఒకప్పుడు తెలిసిన పేరు మా ఊరిది.

గౌతమి నుంచి చీలిన పాయ ఒకటి ఊరి పక్కగా సముద్రానికి పోతుంది. గోదావరి ఏడు పాయలకు సప్తర్షుల పేర్లు చెప్పే లెక్కలో ఇది ఆత్రేయ. సప్తసాగర యాత్ర చేసేవాళ్లు పుష్య అమావాస్యకు చొల్లంగిలో మునిగాక మా రేవుకు వచ్చేవారు. ఇటు ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, అటు యానాంలో ఫ్రెంచివాళ్లు కొఠీలు పెట్టి నేతబట్టలు కొని ఓడలకెక్కించారు. దెబ్బతిన్న ఓడలు బాగుచేయించుకోవడానికి కోరంగికి వచ్చేవి. 1802లో ఇక్కడ డ్రై డాక్ కూడా కట్టారు. కొత్త ఓడలు కట్టే పని తాళ్లరేవు వడ్రంగుల చేతుల్లో తరతరాలు నడిచింది.

కోరంగి అనగానే పుస్తకాలు ఉప్పెనల గురించే చెబుతాయి. 1789 డిసెంబరులో మూడు అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది రేవులోని ఓడలను మెరక మీదికి విసిరింది, రెండోది ఊరిని ముంచింది, మూడోది మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ తన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. మళ్లీ 1839 నవంబరు 25న ఇంకొకటి. ఆ రోజు మూడు లక్షల మంది పోయారని ఎక్కడ చూసినా రాస్తారు. నేను ఆ లెక్క నమ్మను. ఒక రేవూ దాని చుట్టుపక్కల పల్లెలూ కలిపి అంత జనం ఉండేవారంటే నమ్మశక్యం కాదు. పోయినవాళ్లు వేలల్లో ఉన్నా దుఃఖం దుఃఖమే. దాన్ని లక్షల్లోకి పెంచితే మాకు ఒరిగేదేమీ లేదు.

పైగా రేవును చంపింది ఉప్పెన ఒక్కటే కాదు. ముంపు తీశాక జనం మళ్లీ వచ్చారు, ఇళ్లు కట్టుకున్నారు, ఓడలూ వచ్చాయి. అసలు దెబ్బ ఒండ్రుది. ఏటేటా వరదగోదారి తెచ్చిపోసిన మట్టికి ముఖద్వారం పూడిపోయింది. కడలి వైపు ఇసుక మేటలు పెరిగాయి, ఇప్పుడు హోప్ ఐలాండ్ అంటున్న ఇసుకతిన్నె అలా పెరిగిందే. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేయాల్సి వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద సరుకు నేరుగా కాకినాడకు చేరడం మొదలైంది. 1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మన పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ లాభమూ కాకినాడకే దక్కింది.

రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. బ్రిటిషువాళ్లు దిగువ బర్మాను పట్టుకున్నాక రంగూన్‌లో బియ్యం మిల్లులకు, రేవు పనికి మనుషులు కావాల్సి వచ్చారు. ఈ తీరం నుంచి వేలమంది వెళ్లారు. శ్రీకాకుళం మనిషైనా, విశాఖ మనిషైనా అక్కడ తెలుగు కూలీ అంటే కోరంగీయే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే బర్మా కూలీలను పనిలో పెట్టారు. సమ్మె ముగిశాక గొడవలు రేగి మనవాళ్లు ఎందరో చచ్చిపోయారు. 1942లో జపాను దళాలు వచ్చినప్పుడు అడవులూ కొండలూ దాటి కాలినడకన బయల్దేరినవాళ్లలో ఎందరో దారిలోనే పోయారు. మా ఊరి పేరు మోసినవాళ్ల చరిత్ర ఇది. దీన్ని ఎవరూ సరిగా రాయలేదన్నది నా బాధ.

ఇక ఆ ఒండ్రు సంగతి. రేవును పూడ్చిన మట్టిలోనే మడ పెరిగింది. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోవచ్చు, కాబట్టి కొమ్మ విరవకండి. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా అభయారణ్యం చేశారు. బావురుపిల్లులు, నీటికుక్కలు అందులో ఉన్నాయి. చేపపిల్లా రొయ్యపిల్లా పెరిగేది ఆ వేళ్ల మధ్యే. 1996 నవంబరు తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప పల్లెలు కకావికలమయ్యాయి. ఆ రాత్రి మడ అడ్డు నిలిచిన చోట దెబ్బ తగ్గిందని ఇక్కడి చేపల వేటగాళ్లు ఈరోజుకీ చెబుతారు. అందుకే రొయ్యల చెరువుల కోసం మడ కొట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

మా ఊరికి తీరిక చేసుకుని రండి. గడియారం కన్నా పోటుపాట్లు తెలుసుకోవడం ముఖ్యం. పాటు తీసినప్పుడు వస్తే బురదలో పీతలూ కొంగలూ కనిపిస్తాయి, పోటు మీద వస్తే పడవ లోపలి కాలువల్లోకి పోతుంది. వానాకాలంలో గోదారికి ఎదురీదే పులస, దీపావళి రోజుల్లో చీరమేను, మిగతా రోజుల్లో మండపీత, పండుగప్ప. కొనేదేదో రేవులో మత్స్యకార ఆడవాళ్ల దగ్గరే కొనండి. ప్లాస్టిక్ సీసాలు ఇక్కడ పడేయకుండా వెంట తీసుకెళ్లండి.

చివరగా, ఆ రాయని చరిత్ర గురించి ఒక మాట. మీ ఇంట్లో రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరాలు, ఫొటోలు, స్టీమరు టిక్కెట్లు ఏమైనా ఉంటే పారేయకండి. తాతలూ నానమ్మలూ చెప్పింది వాళ్లుండగానే రాసి పెట్టండి.