నంద్యాల సీమలో విందు ఇల్లు దాటిన చరిత్ర

పరీక్ష నెగ్గినందుకో, కొలువు దొరికినందుకో పదిమందిని రెస్టారెంటుకు తీసుకుపోయి విందు ఇచ్చే వాడుక నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఇటీవలిదే. అంతకు ముందు శుభసందర్భపు భోజనం ఇంటి పెరట్లోనో, గుడి ముంగిటనో, సత్రంలోనో జరిగేది తప్ప వెల కట్టి అన్నం పెట్టే చోట జరిగేది కాదు. డబ్బిచ్చి భోంచేయడమన్నది పిలిచి పెట్టేవారు లేని ఊళ్లో చిక్కుకున్నవారి అవస్థగానే చాలాకాలం లెక్కకు వచ్చింది.

వెలకు భోజనం పెట్టే ఇళ్లు తెలుగునాట కొత్తవి కావు. పూటకూటిల్లు, అంటే పూటకు ఇంత అని రొక్కం తీసుకుని వడ్డించే ఇల్లు, కాకతీయుల ఓరుగల్లులో ఎట్లా ఉండేదో క్రీడాభిరామం అనే వీథినాటకం నోరూరేలా వర్ణిస్తుంది. అయితే ఓరుగల్లు రాజధాని. నల్లమల అంచున ఉన్న పల్లెల సంగతి వేరు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప దాటి అహోబిలం, మహానంది, శ్రీశైలం దారిన సాగాడు. మజిలీ మజిలీకీ అంగళ్లున్నాయా, నీళ్లు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అన్నది ఆయన తన కాశీయాత్ర చరిత్రలో అంత శ్రద్ధగా రాసుకున్నాడంటే, బాటసారి తన వంట ఏర్పాటు తానే చూసుకోవలసిన కాలమది.

ఊరివారి విందుకు మాత్రం కొదవ లేదు. ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలంలో ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేట ఉత్సవం, అంటే స్వామి వేటకు వెళ్లే నెపంతో ఊరేగే వేడుక, ఇందుకు గొప్ప తార్కాణం. నరసింహస్వామి పల్లకీ దాదాపు నలభై రోజుల పాటు ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన ఆ స్వామి చెంచులకు అల్లుడనీ, రాబోయే బ్రహ్మోత్సవాల్లో జరిగే తన కల్యాణానికి భక్తులను తానే ఇల్లిల్లూ పిలుస్తాడనీ ఇక్కడి నమ్మకం. పల్లకీ ఊరు చేరిన నాడు ఆడబిడ్డలు, అల్లుళ్లు, దూరపు చుట్టాలు అందరూ వచ్చి చేరడం వల్ల ప్రతి ఇంటా పండుగ వంట తప్పదు. పిలుపే విందుకు ప్రాణమని, దేవుడు కూడా పిలవకుండా ఎవరూ రావాలనుకోడని ఈ ఉత్సవాన్ని బట్టి గ్రహించవచ్చు.

పిలవకపోయినా వచ్చినవారికి పెట్టడం మరొక సంప్రదాయం. ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టి, విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్నాడు. క్షేత్రాల్లోని సత్రాలూ ఉచితంగా పెట్టేవే, కాని వాటిలో చాలావరకు కులాలవారీగా వెలసినవి. పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఆకు వేయకముందే తేలిపోయేది. విందు ఇల్లు దాటడానికి అసలు అడ్డు ధర కాదు, ఈ పంక్తి నియమమే అనుకోవడం సబబు.

ఆ నియమం మొదట రైలు దగ్గర సడలింది. 1880ల్లో నల్లమల లోయల మీదుగా వంతెనలు కట్టి నంద్యాలను గుంతకల్లు, బెజవాడలతో కలిపిన మీటరుగేజి మార్గంతో పాటు వర్తకులు, గుమస్తాలు, ఉద్యోగులు వచ్చారు. దక్షిణాది రైల్వే ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు వేరుగా వడ్డించే పద్ధతి, పెరియార్ ఆందోళన ఫలితంగా 1941లో రద్దయింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 15వ అధికరణంలో హోటళ్లలోకి, భోజనశాలల్లోకి కులమతాల కారణంగా ఎవరినీ రానీయకుండా ఆపరాదని శాసించింది. శాసనం రాగానే ఆచారం మారిపోలేదు గాని, శాకాహారపు కాఫీ హోటలు, మాంసం వడ్డించే మిలిటరీ హోటలు అన్న విభజన మిగిలి, కులం వారీ బల్లల మాట క్రమంగా వెనుకబడింది.

బల్ల చుట్టూ కొత్త గుంపును కూర్చోబెట్టింది కళాశాల. నంద్యాలకు పాలిటెక్నిక్, డిగ్రీ కళాశాలలు ముందే ఉన్నా, 1995లో రాజీవ్ గాంధీ స్మారక ఇంజనీరింగ్ కళాశాల వెలిసి, ఆ పైన శాంతిరాం వైద్య కళాశాల వచ్చాక, ఇల్లు దగ్గర లేని వేలమంది యువకులు, యువతులు ఈ ఊళ్లో చేరారు. పిలిచి పెట్టడానికి వీరికి ఇక్కడ పెరడు లేదు. స్నేహితులేమో అన్ని కులాలవారు, అన్ని జిల్లాలవారు. కనుక పుట్టినరోజు, ఫలితాల రోజు, కొలువు వచ్చిన రోజు రెస్టారెంటే వారి పెరడైంది. ఎవరికి శుభం జరిగితే వారే బిల్లు కట్టాలన్న పద్ధతిలో పాత గృహస్థధర్మం చెక్కు చెదరకుండా నిలిచింది. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమై, మరుసటి ఏడాది ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చేసరికి ఈ విందులకు ఉద్యోగుల కుటుంబాలు తోడయ్యాయి. ఆళ్లగడ్డలో ఈ మార్పు నెమ్మదిది. అక్కడి హోటళ్లకు కర్నూలు–కడప రహదారిన పోయేవారు, రాతి విగ్రహాలు చేయించుకోవడానికి శిల్పుల దగ్గరికి దూరం నుంచి వచ్చేవారు ఆధారం.

ఈ క్రమంలో వంటకాల తారుమారు గమనించదగినది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వగా 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసిన కర్నూలు–కడప కాలువ కుందూ నది పరీవాహక ప్రాంతానికి వరిని పెంచింది. అంతకు ముందు మెట్ట పల్లెల్లో నిత్యం తిన్నది జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం కాగా, వరి అన్నం పండుగకే. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి 1980ల తరువాత ఇక్కడి మాగాణుల్లో స్థిరపడి ‘కర్నూలు సోనా’గా పేరు తెచ్చుకోవడంతో సన్నబియ్యం రోజువారీ తిండి అయింది. అందువల్ల నేటి వేడుక విందులో అన్నానికి పాత గౌరవం లేదు. బిర్యానీ రూపంలో వస్తే తప్ప దాన్ని ఎవరూ ప్రత్యేకంగా అడగరు. బియ్యం కొనలేని ఇళ్లలో వండిన రాగి సంగటి మాత్రం నాటుకోడి పులుసు తోడుగా ‘రాయలసీమ రుచులు’ అన్న శీర్షిక కింద మెనూకెక్కింది.