ఊట ఉన్నచోటే తొవ్వ

సింగరేణిలో నా సర్వీసంతా డ్రిల్లింగు క్యాంపుల్లోనే గడిచింది. రిగ్గు ఎక్కడ దింపితే అక్కడే డేరా, అక్కడే వంట. ఇల్లందు, గుండాల, పినపాక అడవుల్లో జీపు పోని చోటికి నడిచే వెళ్లేవాళ్లం. నేలలోంచి తీసిన రాతి కడ్డీలను మేం కోర్ అంటాం. వాటిని వరసగా పెట్టెల్లో సర్ది, ఎన్ని మీటర్ల లోతున ఏ రాయి తగిలిందో రాసుకోవడం నా పని. పగలంతా రాయి లోపలిని చూసి, పొద్దు వాలాక అదే రాయి మీద నడిచేవాణ్ని. అందుకే ఈ అడవి చరిత్ర నాకు రాజుల వరసలో కాకుండా రాళ్ల వరసలో గుర్తుండిపోయింది.

ఖమ్మం వైపు నుంచి గోదారి దిక్కుగా నడిస్తే నేల మారిన సంగతి ముందు కాలికే తెలుస్తుంది. మొదట గట్టి బండ, మధ్యలో తెల్ల చారలు, ఎండకు తళుక్కుమనే అభ్రకం. వంద కోట్ల ఏళ్లు దాటిన రాళ్లవి. ఆ తర్వాత ఇసుకరాయి మొదలవుతుంది. బండి జాడల్లో ఎర్ర ఇసుక మేటవేసి ఉంటుంది. వాన వెలిసిన కాసేపటికే నీళ్లన్నీ నేల తాగేస్తుంది. ఎండాకాలం చిన్న వాగుల్లో చెలమ తీస్తే తప్ప గొంతు తడవదు. ఈ రెండు నేలలూ కలిసే అంచు వెంబడే ఇక్కడి కథంతా నడిచిందని నా నమ్మకం.

పాత రాయి వైపు, కొత్తగూడెం పక్కన, గరీబ్‌పేట గుట్ట ఉంది. వానలకు అక్కడి రాయి చివికి గార్నెట్లు కిందికి జారి మట్టిలో కలుస్తాయి. ఒకటి ఏరి అరచేతిలో పెట్టుకుంటే మసిపట్టిన గింజలా ఉంటుంది. ఉమ్మితో తడి చేసి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని సూర్యుడి వైపు తిప్పితే అచ్చం దానిమ్మ గింజ. గార్నెట్ అన్న పేరు లాటిన్‌లో దానిమ్మ నుంచే పుట్టిందట. విలియం లాంబ్టన్ నడిపిన భూ సర్వే బృందంలో వైద్యుడిగా ఉంటూ రాళ్లను పరిశీలించిన హెన్రీ వెస్లీ వాయ్‌సీ, 1820ల తొలి ఏళ్లలో నిజాం రాజ్యమంతా తిరిగినప్పుడు ఈ గార్నెట్ల గురించి రాసిపెట్టాడు. 2017లో జర్మనీ, ఫ్రాన్స్, భారత శాస్త్రవేత్తలు కలిసి పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దొరికిన గార్నెట్లను పరీక్షించారు. రాతి కూర్పు, లోపల చిక్కుకున్న ఇతర ఖనిజాల రేణువులు గరీబ్‌పేట రాళ్లతో సరిపోయాయి. అరికమేడు రోము ఓడలతో వ్యాపారం చేసిన రేవు. ఇక్కడ వాన కడిగిన గింజను ఎవరో వంగి ఏరారు, ఎవరో మూటకట్టి సముద్రందాకా మోశారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ నడక మాత్రం నిజం.

ఇక ఇసుకరాయి వైపు, ఇల్లందు బొగ్గు కథ చాలామంది విన్నదే. భద్రాచలం రాముణ్ని చూడబోతున్న యాత్రికులు దారిలో వంటకు మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెడితే ఆ రాళ్లే అంటుకున్నాయని చెప్పుకుంటారు. 1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఆ బొగ్గు ఉనికిని నిర్ధారించాడు. బాయిలో ఇప్పటికీ ఒక పొరను కింగ్ సీమ్ అనే పిలుస్తారు. ఒకసారి బొగ్గు పైనున్న షేలు అనే మట్టిరాయి ముక్క నా చేతిలోనే రెండుగా విడిపోయింది. లోపల నాలుకలా పొడుగాటి ఆకు అచ్చు, నడి ఈనె, దాని చుట్టూ సన్నని వల. గ్లోసోప్టెరిస్. 25 కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో ప్రాణాలు విడిచిన స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలోనూ ఇదే జాతి ఆకులున్నాయి. అంటార్కిటికా, మన ఇల్లందు ఒకప్పుడు ఒకే నేల. ఆ ముక్క చాలా రోజులు నా దిండు కిందే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, గుండాల అడవిలో దొంగతోగు వైపు చూసింది ఒక ఎత్తు. కోయ మాటలో తోగు అంటే వాగు. ఒక వేసవి, తునికాకు కోతల రోజుల్లో, మా క్యాంపుకి నీళ్లు తెచ్చే కోయ పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. గుట్ట భుజం మీదుగా సన్నటి బాట. ఉన్నట్టుండి చెట్ల మధ్య రాతి గదులు కనిపించాయి. నాలుగు పక్కలా నిలబెట్టిన ఇసుకరాతి పలకలు, పైన ఒకే పెద్ద బండ కప్పు, లోపల రాతి తొట్టి. బృహత్ శిలాయుగపు సమాధులు. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. మనుషులు ఎత్తలేరనుకునే బరువు కదా మరి. కోర్ పెట్టెలు సర్దిన చేతికి అక్కడొక సంగతి తట్టింది. ఈ ఇసుకరాయి పొరలు పొరలుగా విడుతుంది. ఏ అంచున దెబ్బ వేస్తే పలక నిలువునా ఊడి వస్తుందో తెలిసినవాళ్లే ఆ పని చేయగలరు. రాయి చదవడంలో వాళ్లు నాకంటే ముందున్నారు.

ఇలాంటి సమాధుల దగ్గర కొన్నిచోట్ల శిలువలా కనిపించే నిలువెత్తు రాతి బొమ్మలు ఉంటాయి. గోదావరి అడవుల్లో తిరిగిన మల్హెరాన్ అనే అధికారి 1868లో వాటిని వర్ణించాడు. 1872లో కట్టడాల చరిత్రకారుడు ఫెర్గూసన్ తన పుస్తకంలో వాటిని శిలువలుగానే తీసుకుని, కట్టినవాళ్లు క్రైస్తవులై ఉంటారని రాశాడు. నిజానికి అవి మనుషుల బొమ్మలు. తల, భుజాలు, కొన్నింటికి స్తనాలు కూడా తెలుస్తాయి. ఫెర్గూసన్ అంతటివాడు కూడా తాను ఎరిగిన గుర్తునే ఆ రాతిలో చూశాడు.

"ఇంత చుట్టు తొవ్వ ఎందుకు తాతా, వాగులో పడి పోతే దగ్గర కదా" అని ఆ రోజు పెద్దాయనతో అన్నాను.

"వాగు ఎండుద్ది సారూ. ఊట ఎండదు. ఊట ఉన్నచోటే తొవ్వ" అన్నాడు.

నాలుగడుగులు వేసి బండ అడుగున చూపించాడు. పైన ఇసుకరాయి, కింద బూడిదరంగు షేలు. పైనుంచి ఇంకిన నీరు షేలును దాటలేక, ఆ రెండూ కలిసే గీత దగ్గర బొట్టు బొట్టుగా పక్కకి వస్తోంది. నా పుస్తకాల్లో వందసార్లు గీసిన గీతే. గుట్ట చుట్టూ అదే మట్టంలో ఊటలు, ఆ ఊటల వెంబడే బాట, బాట పక్కనే సమాధులు. ముందు నీళ్లు కనుక్కుని, ఆ తర్వాతే చనిపోయినవాళ్లకు చోటు చూశారని నా లెక్క.

పోయినేడు మళ్లీ వెళ్లాను. పెద్దాయన లేడు, ఆయన మనవడు వచ్చాడు. ఒక గది కప్పు రాయిని ఎవరో గునపాలతో పక్కకి దొర్లించారు. లోపల నడుం లోతు గొయ్యి, చుట్టూ ఇంకా ఆరని తవ్వుమట్టి. నిధి ఉంటుందని తవ్వేవాళ్ల పని. రాతి తొట్టి రెండు ముక్కలైంది. విరిగిన అంచు తెల్లగా, కోర్ పెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంది. నాకు నోట మాట రాలేదు. అబ్బాయి పగిలిన ముక్కలు రెండూ దగ్గరికి జరిపి, అంచులు కలిసేలా పెట్టాడు. తర్వాత ఊట దగ్గరికి పోయి, అడ్డాకు దొప్ప చుట్టి బండ కింద పట్టాడు. నిండడానికి చాలాసేపు పట్టింది. ముందు నాకిచ్చాడు.