చిల్లిగవ్వ

బోధను చెరకు పొలములకు సముద్రము వందలాది మైళ్ల దూరము. ఐనను గవ్వ నెరుగనివా రీ ప్రాంతమున లేరు. పచ్చీసు ఆటలోను, లంబాడీ స్త్రీల దుస్తులపైనను, తుదకు "చేత చిల్లిగవ్వ లేదు" అను మాటలోను అది కలదు. ఆ మాట గవ్వ ద్రవ్యముగా చెల్లిన కాలపు గుర్తు.

గవ్వ యనగా సముద్రపు నత్త పెంకు. ప్రధానముగా ద్రవ్యమైనది మాల్దీవుల పసుపువన్నె చిన్నగవ్వ. 1758లో లినేయసు అను శాస్త్రజ్ఞుడు దానికి 'మొనేటా' అని నాణెమును స్ఫురింపజేయు పేరే పెట్టెను. నత్త జీవించియున్నపుడు తన మెత్తని పొరతో పెంకును పైనుండి కప్పుకొనును. అందువలననే దాని కంత నునుపు. తుప్పు పట్టదు, దొంగనాణెము పోయుటకు వీలు లేదు. చిల్లరకు ఇంతకన్న నేమి కావలెను?

20 గవ్వలు కాకిణి, 4 కాకిణులు పణము, 16 పణములు ద్రమ్మము అని పండ్రెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు లీలావతిలో లెక్క చెప్పెను. అనగా ద్రమ్మమునకు 1280 గవ్వలు. శతాబ్దములు గడచిన పిమ్మట ఒరిస్సాలో 'కాహను' అనినను 1280 గవ్వలే! 1343లో మాల్దీవులు చేరిన ఇబ్న్ బతూతా, అచట బంగారు దీనారునకు 4 లక్షల గవ్వలు వచ్చునని, ఒక్కొక్కప్పుడు 12 లక్షలును వచ్చునని వ్రాసెను. ఆ గవ్వలు వంగదేశమునకు పోయి బియ్యమై తిరిగి వచ్చుచుండెను.

1803లో కుంపిణీవారు ఒరిస్సాను గైకొని, కొలదికాలమునకే శిస్తును వెండి రూపాయలలో చెల్లింపుమనిరి. రూపాయికి 4 కాహనులని సర్కారు లెక్క; బజారులో అంతకు మించి పోయవలసివచ్చెను. పంట నమ్మిన గవ్వలతో రైతు రూపాయిని కొనవలసినవాడయ్యెను. దొరలకిది లెక్కపుస్తకములో మార్పు. రైతునకు పొలము వేలమునకు పోవుట. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వమున పైకులు తిరుగబడుటకు గల కారణములలో నిది యొకటి.

ఇక మన జిల్లా తాండాల మాట. ఎద్దులపై ఉప్పును, ధాన్యమును మోయుచు మొగలు సేనల వెంట దక్కనునకు వచ్చిన బంజారాలు గవ్వను అలంకారముగా నిలుపుకొనిరి. రవికలకు, సంచులకు, నీళ్లకుండ చుట్టకుదుళ్లకు గవ్వలు కుట్టుదురు. సామెతను బట్టి చూడగా చిల్లి పడిన గవ్వ బజారులో చెల్లనిది. తాండా స్త్రీకి మాత్రము చిల్లి లేని గవ్వతో పని జరుగదు. దాని వీపు గుబ్బను పగులగొట్టి, దారము దూరునట్లు చేసిన పిమ్మటనే గుడ్డపై నుంచి కుట్టును.