‘బంజరు’ కాని బీల: సోంపేట చిత్తడినేల చరిత్ర

ఉత్తరాంధ్ర తీరంలో నీరు నిలిచే పల్లపు నేలలకు ప్రత్యేకమైన పేర్లున్నాయి. సోంపేట ప్రాంతంలో ‘బీల’ అంటారు. నౌపడ, కాకరాపల్లి ప్రాంతంలో ‘తంపర’ అంటారు. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, కంచిలి మండలాలను ఆనుకొని విస్తరించిన బీల వాననీటిని పట్టి ఉంచుతుంది. చుట్టుపక్కల వరిపొలాలకు తడి, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత దాని నుండే లభిస్తాయి. ఈ ఉపయోగాలేవీ ‘బంజరు’ అన్న మాటలో ఇమడవు.

అయినా నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇక్కడ తలపెట్టిన 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం విషయంలో బీలను నిరుపయోగమైన నేలగానే చూపారు. వివాదానికి మూలం ఇక్కడే ఉంది. 2010 జూలై 14న పనుల ప్రారంభాన్ని అడ్డుకున్న ప్రజలపై పోలీసులు కాల్పులు జరపగా ఇద్దరు మరణించారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల చిత్తడినేల అన్న స్థానికుల వాదనకు అధికారిక గుర్తింపు దక్కిన రోజే ఆ వాదన చేసినవారు ప్రాణాలు కోల్పోవడం ఈ చరిత్రలోని విషాదం.

చిత్తడిని వ్యర్థంగా భావించడం మన దేశానికే పరిమితం కాదు. మొక్కల శిథిలాలు నీటిలో పూర్తిగా కుళ్లక పేరుకున్న నేలను పీట్ అంటారు. ఇంగ్లండులోని ఫెన్ ప్రాంతంలో అటువంటి నేలల నుండి వ్యవసాయం కోసం నీటిని తోడివేశారు. హోమ్ అనే చోట 1850ల తొలినాళ్లలో నేలలో పాతిన ఇనుప స్తంభం నేడు దాదాపు 4 మీటర్ల మేర బయటపడి ఉంది. పైకి లేచినది స్తంభం కాదు, కుంగినది నేల.

సోంపేట అనుభవం తంపరను కాపాడలేదు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమంపై కాల్పులు జరిగాయి. సమీపంలోని తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఇవి సైబీరియా పక్షులని వాడుకలో ఉన్నా, రెండూ దక్షిణాసియాకు చెందినవే. గ్రామస్థులు వాటిని తరతరాలుగా ఆదరిస్తున్నారు. గూళ్లు ఊరి చింతచెట్ల మీద, మేత తంపర నీటిలో.