ఏడాదికొక్క రోజు ఆట చాలదు

దివ్యాంగ బాలలకు అనువైన క్రీడలు ఎన్నో.. వారం వారం సాధనే కీలకం

పారిస్ పారాలింపిక్స్‌లో 2024 సెప్టెంబరు 3న జరిగిన మహిళల 400 మీటర్ల టీ20 విభాగం ఫైనల్లో వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 55.82 సెకన్లలో గమ్యం చేరి కాంస్య పతకం సాధించింది. మేధో వైకల్యం గల భారత క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం అందుకున్న తొలి వ్యక్తి ఆమే. అదే ఏడాది మే 20న జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లతో నాటి ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలుచుకుంది. ఇక్కడ టీ20 అంటే క్రికెట్ కాదు. ట్రాక్ పోటీల్లో మేధో వైకల్యం గలవారికి కేటాయించిన తరగతి పేరది.

కూలి పనులే జీవనాధారమైన కుటుంబంలో పుట్టి, చిన్ననాట ఊరివారి హేళనను భరించిన బాలిక దీప్తి. ఆమె పరుగులోని వేగాన్ని మొదట గుర్తించింది పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు. అనంతరం శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాద్‌కు రప్పించి తర్ఫీదునిచ్చారు. బడి మైదానంలో ఆమెను పరుగెత్తనివ్వకుంటే ఈ పతకం వచ్చేదే కాదు.

అయితే చాలా పాఠశాలల్లో ఆటల పీరియడ్ వచ్చేసరికి దివ్యాంగ బాలలు చెట్టు నీడన కూర్చుని తోటివారి సంచులకు కాపలా కాయడమో, స్కోరు రాయడమో కనిపిస్తుంది. డిసెంబరు 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా జిల్లా కేంద్రాల్లో పరుగు పందెం, షాట్‌పుట్, చదరంగం, క్యారమ్స్ వంటి పోటీలు పెట్టి బహుమతులు పంచడం ఆనవాయితీ. మిగతా ఏడాదంతా సాధన లేనప్పుడు ఆ ఒక్క రోజు ఉత్సాహం ఆ పూటతోనే సరి.

పిల్లలకు తగ్గట్టు ఆటనే మారుస్తారు

పిల్లలు ఆటకు సరిపోతారా అని చూడకుండా, పిల్లలకు సరిపోయేలా బంతిని, మైదానాన్ని, నియమాలను మార్చడమే అనువైన క్రీడల మూలసూత్రం. అంధుల క్రికెట్‌లో లోపల గుళ్లు వేసిన ప్లాస్టిక్ బంతిని వాడతారు. బంతిని భుజం కింది నుంచే విసరాలి. పూర్తి అంధుడైన బ్యాట్స్‌మన్ చేసిన పరుగులను రెట్టింపుగా లెక్కిస్తారు. పల్నాడు ప్రాంతానికి చెందిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి ఈ ఆటలో భారత జట్టుకు సారథ్యం వహించి ప్రపంచకప్‌లు గెలిపించారు. 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం పొందారు.

గోల్‌బాల్‌లో జట్టుకు ముగ్గురు. అందరూ కళ్లకు గంతలు కట్టుకుని, గంటల చప్పుడును బట్టి బంతిని అడ్డుకుంటారు. కోర్టు గీతల కింద దారం పరిచి టేపు అంటిస్తారు కనుక చేతితో తడిమి హద్దు తెలుసుకోవచ్చు. కాళ్లలో వైకల్యం గలవారు ఆడే సిటింగ్ వాలీబాల్‌లో 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పుండే మామూలు కోర్టు 10 మీటర్లు, 6 మీటర్లకు తగ్గుతుంది. పురుషులకు వల ఎత్తు 1.15 మీటర్లు. వీల్‌చైర్ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలను తాకినా ఆట ఆగదు. చేతులు స్వాధీనంలో లేని సెరిబ్రల్ పాల్సీ పిల్లలు సైతం బోచాలో వాలు పలక మీదుగా బంతిని దొర్లించి గురి చూడవచ్చు. బధిర బాలలకు పరుగు పందెంలో తుపాకీ శబ్దానికి బదులు దీపం వెలిగించి సైగ చేస్తారు.

మూడు వేదికలు.. మూడు లక్ష్యాలు

పారాలింపిక్స్, స్పెషల్ ఒలింపిక్స్, డెఫ్‌లింపిక్స్ ఒకటేనని పలువురు తల్లిదండ్రులు పొరబడుతుంటారు. పారాలింపిక్స్‌కు మూలం ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి. వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ 1948లో అక్కడ విలువిద్య పోటీ నిర్వహించారు. 1960లో రోమ్‌లో తొలి పారాలింపిక్స్ జరిగాయి. ఇది అత్యున్నత స్థాయి పోటీ. 2024లో భారత్ ఇందులో 29 పతకాలు సాధించింది.

స్పెషల్ ఒలింపిక్స్ కేవలం మేధో వైకల్యం గలవారికి ఉద్దేశించినది. 1968లో అమెరికాలోని షికాగోలో యూనిస్ కెనెడీ ష్రైవర్ దీనిని ప్రారంభించారు. ఎనిమిదేళ్లు నిండినవారు పోటీల్లో పాల్గొనవచ్చు. అంతకన్నా చిన్నవారికి ఆటపాటల కార్యక్రమం వేరుగా ఉంది. వయసు, సామర్థ్యాలను బట్టి సమాన స్థాయి వారినే ఒక బృందంగా చేసి పోటీ పెట్టడం దీని ప్రత్యేకత. నెమ్మదిగా పరుగెత్తే చిన్నారికీ గెలిచే అవకాశం ఉంటుంది. వైకల్యం లేని పిల్లలు కూడా ఒకే జట్టులో కలిసి ఆడే ఉమ్మడి క్రీడల విభాగమూ ఉంది. మన దేశంలో స్పెషల్ ఒలింపిక్స్ భారత్ ఈ బాధ్యతను నిర్వర్తిస్తోంది.

బధిరుల కోసం డెఫ్‌లింపిక్స్ 1924లో పారిస్‌లో మొదలయ్యాయి. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ బ్రెజిల్‌లో 2022లో జరిగిన ఈ క్రీడల్లో స్వర్ణం సాధించాడు.

చట్టం ఏమంటోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం క్రీడలు దయాధర్మం కాదు, హక్కు. విద్యాసంస్థలు దివ్యాంగ బాలలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, తోటివారితో సమానంగా ఆటలకు, వినోదానికి అవకాశం కల్పించాలని 16వ సెక్షన్ నిర్దేశిస్తోంది. క్రీడా కార్యక్రమాల్లో వారికి చోటివ్వడం, మైదానాలను అనువుగా తీర్చిదిద్దడం, వైకల్యానికి తగిన పోటీలు నిర్వహించడం ప్రభుత్వాల బాధ్యతని 30వ సెక్షన్ పేర్కొంటోంది. ఆటల పీరియడ్‌లో పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టడం ఈ స్ఫూర్తికి విరుద్ధం.

తక్కువ ఖర్చుతో బడిలోనే..

నిధులు వచ్చేదాకా వేచి ఉండనవసరం లేదు. బంతికి పాలిథిన్ సంచి చుడితే దొర్లేటప్పుడు గలగలమని చప్పుడు చేస్తుంది. చూపు లేని పిల్లలకు అంతే చాలు. నిలువునా చీల్చిన పీవీసీ గొట్టం బోచాకు వాలు పలకగా పనికొస్తుంది. గులకరాళ్లు వేసిన ఖాళీ నీళ్ల సీసాలను వరుసగా నిలబెట్టి బంతితో పడగొట్టించవచ్చు. చూపు లేని బాలుడు, తోడు పరుగెత్తే స్నేహితుడు ఒక చిన్న తాడును చెరో కొస పట్టుకుంటే పరుగుకు దారి దొరికినట్లే. వినికిడి లేని పిల్లలున్న ఖోఖో జట్టులో ఈలతో పాటు ఎర్ర జెండా ఊపితే సరిపోతుంది. మేధో వైకల్యం గల పిల్లలకు నియమాలన్నీ ఒకేసారి చెప్పకుండా, ఒక్కొక్కటిగా చేసి చూపుతూ పదేపదే చేయించాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

డౌన్ సిండ్రోమ్ గల కొందరు పిల్లల్లో మెడలోని పై రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలి ఉంటుంది. వైద్యుడు పరీక్షించి అనుమతించే వరకు పిల్లిమొగ్గలు, నీటిలోకి తలకిందులుగా దూకడం, తలతో బంతిని కొట్టడం వంటివి చేయించరాదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారిని ఎప్పుడూ ఒంటరిగా ఈతకు దింపకూడదు. వెన్నుపాము లోపం వల్ల కాళ్లలో స్పర్శ లేని పిల్లలకు దెబ్బ తగిలినా తెలియదు. ఆట ముగిశాక చర్మంపై పుండ్లు, గాయాలున్నాయేమో పెద్దలే చూడాలి. వీరికి ఎండ తాపం త్వరగా సోకే ప్రమాదం ఉన్నందున ఉదయం లేదా సాయంత్రమే సాధన మేలు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

ముందుగా వైకల్య నిర్ధారణ ధ్రువపత్రం, దేశమంతటా చెల్లుబాటయ్యే యూడీఐడీ కార్డు పొందాలి. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులను కలిసి పిల్లల శక్తికి తగిన ఆట ఏదో తెలుసుకోవచ్చు. ఫిజియోథెరపీ సలహాలూ అక్కడే అడగవచ్చు. మేధో వైకల్యానికి సంబంధించిన పరీక్షలు, మార్గదర్శకత్వం కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. దీప్తి మేధో వైకల్య పరీక్షలు జరిగిందీ అక్కడే. పోటీల స్థాయికి ఎదిగిన వారు జిల్లా క్రీడాధికారి ద్వారా రాష్ట్ర పారా క్రీడా సంఘాలను సంప్రదించాలి.

అందరు పిల్లలూ పారిస్ వెళ్లరు. వెళ్లాల్సిన అవసరమూ లేదు. క్రమం తప్పని ఆటతో కండరాలకు బలం, శరీరానికి పట్టు, నలుగురిలో కలిసే ధైర్యం సమకూరుతాయి. వారానికి రెండు పీరియడ్లు, మనసు పెట్టే వ్యాయామ ఉపాధ్యాయుడు, చేయందించే ఒక స్నేహితుడు ఉంటే ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. డిసెంబరు 3 దాకా ఆగనక్కరలేదు.