బాల సంరక్షకులు (బ్రిటన్)

జబ్బుపడినవారు, వికలాంగులు, మానసిక రుగ్మతతోనో మద్యం వ్యసనంతోనో సతమతమయ్యే ఇంటివాళ్లు – వీరిని చూసుకునే 18 ఏళ్లలోపు పిల్లలను బ్రిటన్‌లో ‘యంగ్ కేరర్స్’ అంటారు. పొద్దున్నే అమ్మకు మాత్రలిచ్చి, తమ్ముడికి చెప్పులు తొడిగి, జడివానలోనే బడికి పరుగెత్తే పిల్ల హాజరుపట్టీలో ‘ఆలస్యం’గానే కనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో 2014 నాటి పిల్లలు, కుటుంబాల చట్టం ప్రకారం ఈ పిల్లల అవసరాలను స్థానిక కౌన్సిల్ మదింపు చేయాలి. చేస్తున్న చాకిరీ ఆ వయసుకు తగినదేనా అన్నదీ తేల్చాలి. చిక్కల్లా గుర్తించడంలోనే. పిల్లల్ని విడదీస్తారేమోనన్న భయంతో చాలా ఇళ్లు నోరు విప్పవు. అక్కడి బడుల గణనలో బాల సంరక్షకులకంటూ ఒక గడి చేరింది 2023లో. అది మరీ ఆలస్యమే. స్కాట్లాండ్ 2019లో 16–18 ఏళ్ల సంరక్షకులకు ఏటా నగదు సాయం మొదలుపెట్టింది. బడులూ చేయగలిగినవి ఉన్నాయి: తరగతిలో ఫోను దగ్గరుంచుకోనివ్వడం, హోంవర్కు గడువు పెంచడం, సాయంత్రపు ఆటల క్లబ్బులు – ఖర్చు తక్కువ, ఊరట ఎక్కువ.