అమ్మ చీటీ, మదర్ బోర్డు

1999లో మా తమ్ముడు ఒక కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. నెల మొదట్లో కిరాణా కొట్టుకి రాసే పద్దులాగే ఉంది. కాకపోతే కందిపప్పు, చింతపండు ఉండాల్సిన చోట ప్రాసెసరు, హార్డ్ డిస్కు, మదర్ బోర్డు, మానిటరు అని వరసగా ఉన్నాయి. ఎదురుగా ధరలు. కింద గీత గీసి మొత్తం, 31,000 రూపాయలు.

"కంపెనీ కంప్యూటరైతే చాలా అవుతుందమ్మా. సికింద్రాబాదు వెళ్లి విడిగా సామాన్లు కొని బిగించుకుంటే..." అంటూ వాడు చెప్పుకుపోతున్నాడు. అమ్మ మాత్రం ఆ పద్దులో ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"మదర్ బోర్డేమిట్రా?"

"మిగతావన్నీ దానిమీదే ఆనుకుని ఉంటాయమ్మా. అందుకని ఆ పేరు."

"అయితే పేరు సరిగ్గానే పెట్టారు" అంది అమ్మ.

అప్పుడు అమ్మ 40,000 రూపాయల చీటీ ఒకటి కడుతోంది. చివరిదాకా ఆగి ఎత్తుకుంటే నాకు నాలుగు గాజులు చేయించవచ్చని ఆవిడ ఆశ. ఆ నెలే ఆరు వేలు తక్కువకి పాడేసి, డబ్బు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు మానిటర్ అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లను తెచ్చినట్టు రైల్లో వరంగల్లు తెచ్చాడు.

ఈ విడి సామాన్ల కంప్యూటరు మనవాళ్లు కనిపెట్టిన పొదుపు మార్గం అనుకునేదాన్ని చాలాకాలం. లెక్కలంటే పారిపోయి బి.ఏ.లో చేరినదాన్ని, నాకేం తెలుస్తుంది? తీరా చదివితే, ఇంట్లో పెట్టుకునే కంప్యూటరు పుట్టిందే ఆ మార్గాన! డబ్బున్నవాళ్లు కాదు, డబ్బు లేనివాళ్లు లెక్క చూసుకుని లెక్క చూసుకుని తయారు చేశారు దాన్ని.

1970 ప్రాంతంలో కంప్యూటరు అంటే కంపెనీలకీ, యూనివర్సిటీలకీ, సర్కారుకీ ఉండే వస్తువు. మనిషికో కంప్యూటరు అంటే మనిషికో రైలింజను అన్నట్టే. కాలిఫోర్నియాలో స్టీవ్ వోజ్నియాక్ అని ఒక ఇంజనీరుగారబ్బాయి ఉండేవాడు. హైస్కూల్లోనే అతనికి ఆ పిచ్చి పట్టుకుంది. ఎప్పటికైనా నోవా అనే కంప్యూటరు కొనుక్కుంటానని తండ్రితో అన్నాడట. దాని ఖరీదు ఒక ఇల్లంత ఉంటుందిరా అన్నాడాయన. అయితే ఇల్లు కొనను, చిన్న వాటాలో అద్దెకుంటాను అన్నాడట కొడుకు!

కొనలేడు గనక కాగితం మీద కట్టేవాడు. ఒకే కంప్యూటరుని మళ్లీ మళ్లీ గీసి, కిందటిసారి కంటే ఈసారి ఎన్ని చిప్పులు తగ్గించగలనా అని తనతో తనే పందెం వేసుకునేవాడు. చిప్పంటే కంప్యూటరులో పనంతా చేసే చిన్న సిలికాన్ ముక్క. నలుగురికి వండిన కూర ఆరుగురికి సర్దిన చేతులకి ఈ ఆట కొత్తేమీ కాదు. మనది వంటింట్లోనే ఆగిపోయింది, అతనిది చరిత్రకెక్కింది. అంతే తేడా.

ఈలోగా న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీ అనే ఊళ్లో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన అప్పుల్లో కూరుకుపోయాడు. క్యాలిక్యులేటర్ల విడిభాగాలు పెట్టెల్లో పెట్టి అమ్మేవాడాయన. పెద్ద కంపెనీలు ధరలు దించేసరికి వ్యాపారం కుదేలైంది. ఆఖరి ప్రయత్నంగా మళ్లీ బ్యాంకు అప్పు తీసుకుని, కంప్యూటరునే విడిభాగాలుగా అమ్ముదామనుకున్నాడు. ఇంటెల్ వాళ్ల 8080 అనే చిప్పు విడిగా కొంటే 360 డాలర్లు. మొత్తంగా చాలా కొంటానని బేరమాడి ఒక్కోటి 75 డాలర్లకి సంపాదించాడు. అలా తయారైంది ఆల్టెయిర్ 8800. విడిభాగాల పెట్టె ధర 397 డాలర్లు.

1975 జనవరి పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రం మీద దాని ఫొటో పడింది. చిత్రమేమిటంటే, ఫొటో కోసం పంపిన అసలు యంత్రం దారిలోనే పోయింది. గడువు ముంచుకొచ్చింది. ఏం చేస్తారు? మీటలూ, దీపాలూ బిగించిన ఖాళీ డబ్బా ఒకటి పంపించారు. దేశమంతా కళ్లప్పగించి చూసింది ఆ ఖాళీ డబ్బానే! మన పెళ్లిళ్ల పేరయ్యలు నయం కదూ?

అయినా ఆర్డర్లు వేలల్లో వచ్చిపడ్డాయి. డబ్బు కట్టినవాళ్లు నెలల తరబడి ఎదురు చూశారు. తీరా వచ్చేది సంచుల్లో విడిభాగాలు. రాత్రుళ్లు కూర్చుని టంకం పెట్టి అతికించుకోవాలి. అంతా అయ్యాక చూస్తే తెర లేదు, కీబోర్డు లేదు. ముందున్న మీటలు పైకీ కిందికీ నొక్కితే చిన్న ఎర్ర దీపాలు వెలిగి ఆరతాయి. జ్ఞాపకశక్తి 256 బైట్లు. ఇవాళ కంప్యూటర్లు తెలుగు దాచుకునే పద్ధతిలో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన అందులో పట్టేవి ఎనభై అయిదు గుర్తులు. ఈ వ్యాసంలో ఒకటి రెండు వాక్యాలు రాసేసరికి దాని బుర్ర నిండిపోతుందన్నమాట.

ఈ ఆల్టెయిర్ చుట్టూ మూగిన పిచ్చివాళ్లు 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఒకాయన కారు షెడ్డులో సమావేశమయ్యారు. ముప్ఫైమంది దాకా వచ్చారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు అలా మొదలైంది. ఆ ముప్ఫైమందిలో వోజ్నియాక్ ఒకడు. అప్పటికతను హ్యూలెట్ ప్యాకార్డ్‌లో క్యాలిక్యులేటర్లు తయారుచేసే ఉద్యోగి. కాగితాల మీద ఇన్నాళ్లూ గీసింది ఇహ కట్టవచ్చని అక్కడే తట్టింది. కానీ 8080 చిప్పు అతని జేబుకి అందేది కాదు.

అందినది ఎలాగో వినండి. 1975 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగింది. మాస్ టెక్నాలజీ అనే కంపెనీలో చక్ పెడల్ అనే ఇంజనీరు, 6502 అనే చిప్పుని 25 డాలర్లకే అమ్ముతామని ప్రకటించాడు. ప్రదర్శనశాలలో అమ్మకాలు కూడదన్నారు. అంచేత దగ్గర్లోని హోటల్లో గది తీసుకున్నారు. పెద్ద గాజుసీసాల నిండా చిప్పులు పోసి పెట్టారు. అమ్మడానికి కూర్చున్నది ఎవరనుకున్నారు? పెడల్ భార్య షర్లీ. మనం సీసాలోంచి జీడిపప్పు తీసిచ్చినట్టు తీసిచ్చిందావిడ.

తర్వాత పెడల్ బయటపెట్టిన గుట్టు ఇంకా బాగుంది. సీసాల్లో పైనున్నవే పనిచేసే చిప్పులట. అడుగునున్నవన్నీ పనికిరానివి. సరుకు బోలెడుందని జనం నమ్మాలని నింపారట! పైన మేలిరకం మామిడిపళ్లు పేర్చి అడుగున దెబ్బతిన్నవి పెట్టే గంపలు మన బజార్లోనే ఉన్నాయనుకున్నాను. కొన్నవాళ్లకి మాత్రం మంచివే అందాయి లెండి.

ఆ 25 డాలర్ల చిప్పు చుట్టూ వోజ్నియాక్ తన కంప్యూటరు కట్టాడు. అందులో ప్రతి తెలివి వెనకా ఒక లేమి ఉంది. ప్రత్యేకంగా తెర కొనే తాహతు లేదు గనక మామూలు టీవీకి తగిలించాడు. ప్రోగ్రాములు తయారు చేసుకోవడానికి పెద్ద కంప్యూటరు గంటల లెక్కన అద్దెకి దొరికేది. ఆ అద్దె ఇవ్వలేక, తన యంత్రానికి కావలసిన బేసిక్ భాషనంతా కాగితం మీద చేత్తో రాసుకున్నాడు. తను పనిచేసే కంపెనీకి యంత్రం చూపిస్తే మాకొద్దన్నారు. క్లబ్బులో నమూనా కాగితాలు ఊరికే పంచిపెట్టాడు, ఎవరైనా కట్టుకుంటారని.

అమ్ముదామన్నది అతని స్నేహితుడు స్టీవ్ జాబ్స్. పెట్టుబడి కోసం జాబ్స్ తన వ్యాను అమ్మాడు. వోజ్నియాక్ తన ఖరీదైన క్యాలిక్యులేటరు అమ్మాడు. 1976 ఏప్రిల్ 1న యాపిల్ కంపెనీ పుట్టింది. బైట్ షాప్ అనే దుకాణం యజమాని పాల్ టెరెల్ అన్నీ బిగించిన యాభై బోర్డులు కావాలన్నాడు, ఒక్కోటి 500 డాలర్ల చొప్పున. వీళ్ల చేతిలో డబ్బు లేదు. ముప్ఫై రోజుల అరువు మీద సామాన్లు తెచ్చారు. గడువులోగా బోర్డులు బిగించాలి, అమ్మాలి, అప్పు తీర్చాలి.

బిగించిందెక్కడ? లాస్ ఆల్టోస్ అనే ఊళ్లో జాబ్స్ తల్లిదండ్రుల ఇంట్లో. జాబ్స్ చెల్లెలు ప్యాటీ అప్పుడు గర్భిణి. సోఫాలో కూర్చుని టీవీ సీరియళ్లు చూస్తూ బోర్డుల్లో చిప్పులు గుచ్చింది, బోర్డుకి ఒక డాలరు కూలి. నగల పని నేర్చుకున్న ఒక అమ్మాయి టంకం పెట్టడానికి వచ్చింది. ఒకటి రెండు బోర్డుల మీద మరకపడేసరికి జాబ్స్ మండిపడి, ఆమెని వంటింటి బల్ల దగ్గర లెక్కల పుస్తకం ముందు కూర్చోబెట్టాడు. ఒక్క చిప్పు పాడయినా మళ్లీ కొనే శక్తి లేదు మరి! తన ఇల్లు కార్ఖానా అయిపోతే సహించిన తల్లి క్లారా సంగతి వేరే చెప్పాలా? చుట్టాలొస్తేనే మన వంటిల్లు మన చేతిలో ఉండదు.

అలా తయారైన యాపిల్-1 ధర 666.66 డాలర్లు. ఆ డబ్బుకి చేతికొచ్చేది ఒక్క బోర్డు. పైన డబ్బా లేదు, కీబోర్డు లేదు, కరెంటు ఇచ్చే పరికరం లేదు. అవన్నీ కొన్నవాళ్లే సమకూర్చుకోవాలి. కొందరు చెక్కపెట్టెలు చేసి అందులో బిగించుకున్నారు. అంటే వాళ్లమ్మింది మదర్ బోర్డు ఒక్కటే! మొత్తం చేసినవి రెండొందల దాకా. వాటిలో ఒకదాన్ని 2014లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,05,000 డాలర్లకి వేలంలో కొంది.

2013లో లాస్ ఆల్టోస్ వాళ్లు ఆ ఇంటిని చారిత్రక కట్టడాల్లో చేర్చారు. అందరూ ఫొటో తీసేది కారు షెడ్డుని. అసలు కంప్యూటరు నమూనా గీసింది షెడ్డులో కాదని వోజ్నియాకే చెప్పాడు. అయినా ఆ కథకి షెడ్డే గుర్తు. సోఫా గురించీ, వంటింటి బల్ల గురించీ అడిగేవాళ్లు ఎందరు?

ఆడవాళ్లు పేరుకెక్కిన కథ లేకపోలేదు. ఆ 1976లోనే కాలిఫోర్నియాలో వెస్ట్‌లేక్ విలేజ్ అనే చోట లోర్ హార్ప్, క్యారోల్ ఈలీ అని ఇరుగుపొరుగు ఇల్లాళ్లు ఇద్దరుండేవారు. పిల్లల తల్లులు. లోర్ భర్త బాబ్ హార్ప్ ఇంజనీరు. ఆల్టెయిర్ లాంటి యంత్రాల జ్ఞాపకశక్తి పెంచే బోర్డు ఒకటి తయారు చేశాడాయన. ఆ బోర్డు అమ్మే బాధ్యత ఈ ఇద్దరూ తీసుకున్నారు. ఇంట్లో ఖాళీగా ఉన్న పడకగదే మొదటి ఆఫీసు. వెక్టర్ గ్రాఫిక్ అని పేరు పెట్టి, బోర్డులతో ఆగకుండా పూర్తి కంప్యూటర్లే తయారు చేయించారు. 1981లో ఆ కంపెనీ వాటాలు స్టాక్ మార్కెట్టుకెక్కాయి. అదే సంవత్సరం ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరు దించింది. ఆ వరదకి ఎన్నో చిన్న కంపెనీలు కొట్టుకుపోయాయి. వెక్టర్ కూడా తట్టుకోలేకపోయింది. ఓడిపోయినవాళ్ల కథ గనక ఎవరూ చెప్పుకోరు. పడకగదిలోంచి స్టాక్ మార్కెట్టుదాకా నడవడం మాత్రం చిన్న సంగతా?

సముద్రం అవతల ఇంగ్లండులోనూ ఇదే వరస. 1980లో క్లైవ్ సింక్లెయిర్ అమ్మిన జెడ్‌ఎక్స్80 బిగించినదైతే 99 పౌన్ల 95 పెన్నీలు. మనమే బిగించుకుంటే ఇరవై పౌన్లు తక్కువ. తెర బదులు ఇంట్లో టీవీ, డిస్కు బదులు పాటలు వినే టేప్ రికార్డరు! ఆ ఇరవై పౌన్లు మిగుల్చుకోవడానికి చెయ్యి కాల్చుకున్న పిల్లలెందరో, పోనీలే కొనుక్కో అని పోపులపెట్టె అడుగు వెతికిన తల్లులెందరో! అక్కడ పోపులపెట్టెలు ఉండవంటారా? ఏదో ఒక డబ్బా ఉండే ఉంటుంది లెండి.

కిందటి సంక్రాంతికి తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. పదమూడేళ్ల మా అబ్బాయి చేతిలో ఒక కాగితం. వీడూ విడిభాగాలు కొని కంప్యూటరు కట్టుకుంటాడట! "మామయ్యా, నీ మొదటి కంప్యూటరులో ఏమేం పార్టులుండేవి?" అని అడిగాడు.

తమ్ముడు కళ్లు మూసుకుని మంత్రం చదివినట్టు చెప్పాడు, "సెలెరాన్ ప్రాసెసరు, 64 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్కు, పధ్నాలుగంగుళాల మానిటరు..."

అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆరు వేలు తక్కువకి పాడిన చీటీ" అంది, తల ఎత్తకుండా.

తమ్ముడు ఠక్కున ఆగిపోయాడు. లేచొచ్చి అమ్మ ముందున్న చాటలోంచి గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని, తనూ ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. మా అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. కలం పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"చీటీయా? అది ఏ పార్టు మామయ్యా?"

"మదర్ బోర్డురా" అన్నాడు తమ్ముడు.